నేను పశువైద్యుడను కాగోరుట

గత సంవత్సరము వేసవిలో పశువైద్యుడు మా యూరికి వచ్చెను. గేదెను టీకాకు తోలుకొని పొమ్మని అమ్మ చెప్పినను, నేను ఆటలలో మునిగి మరచితిని, వేయించితినని బొంకితిని.

తొలకరి వానలు కురియగానే దానికి గొంతు వాచెను. మేత ముట్టక, గురక పెట్టుచు నా వంక చూచుచుండెను. మరునాడు వైద్యుడు వచ్చునప్పటికే కన్ను మూసెను. దాని పాలమ్మియే అమ్మ నాకు పుస్తకములు కొనెడిది.

గొంతువాపును టీకా ముందుగా ఆపగలదనియు, మందలను తుడిచిపెట్టిన ముసరవ్యాధి టీకాలవలననే 2011 నాటికి లోకమునుండి తొలగిపోయెననియు వైద్యుడు చెప్పెను.

ఆ రాత్రి అమ్మతో నిజము చెప్పి యేడ్చితిని. ఆమె నన్ను దండింపలేదు. "ఇక మీదట మరువకు, నాయనా!" అనెను.

మూగజీవములు తమ బాధను చెప్పుకొనలేవు. వాని కొరకు మరువనివాడు ఒకడు ఉండవలెను. అందుచేతనే నేను పశువైద్యుడను కాగోరుచున్నాను.