ఈగ ఎరయు నేతగాని వ్రేళ్లును

మా కాల్హేరులో ట్రౌట్ చేప లేదు. అది చల్లని పారునీటి ప్రాణి. 20 డిగ్రీల సెంటిగ్రేడు మించిన నీటిలో దానికి సుఖము లేదు. 1900లో విదేశమునుండి తెచ్చిన గుడ్లతో కాశ్మీరమున దానిని పెంచిరి. పిదప నీలగిరులకును చేరినది. నీటిపై వాలు ఈగలను తినునది గనుక, ఈగవలె కనబడు ఎరతో దానిని పట్టుదురు. ఆ ఎరను నూలుతోను ఈకతోను కట్టుదురు. మరమగ్గముల లెక్కలు వ్రాసి విశ్రాంతి పొందిన మేము దానిని గూర్చి వ్రాయుటకు కారణ మిదియే.

ఈ విద్య ప్రాచీనము. దాదాపు 1800 ఏండ్ల క్రిందట ఈలియన్ అను రోమక రచయిత, మాసిడోనియా వాసులు గాలమునకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలను పట్టు రీతిని వర్ణించినాడు.

క్రొత్తగా నేర్చువారికి ఇది చాలును. గాలపు కొక్కెమును చిన్న పట్టుకారులో బిగింపుడు. కన్ను వెనుకనుండి వంపువరకు సన్నని దారము ఒత్తుగా చుట్టుడు. అచట నల్లని ఉన్నిపోగు కట్టి, దారమును ముందునకు తెచ్చి, ఉన్నిని దానివెంట చుట్టి కట్టుడు. కన్నుకడ కొంత చోటు విడువవలెను. క్రొత్తవారు మరచునది ఇదియే. ఆ చోట పుంజు మెడ ఈకను కట్టి, రెండు మూడు చుట్లు త్రిప్పి, ముడివేసి, ముడిపై చుక్క వార్నిష్ పెట్టుడు.

దారము తెగకుండ, సడలకుండ బిగించుటయే ఇందలి కీలకము. తెగిన పడుగుపోగును క్షణములో అతుకు మన భివండి పద్మశాలీలకు ఆ బిగువు ఒకరు నేర్పనక్కరలేదు. మన పిల్లలు మగ్గము విడిచి చదువుకొనవలెనని మనమే కోరితిమి, అది న్యాయమే. కాని మగ్గముతోబాటు వ్రేళ్ల నేర్పును గూడ విడుచుట న్యాయము కాదు. సెలవునాడు వారి చేతికి ఒక కొక్కెమును, పోగును, ఈకను ఇండు. చేప పడకున్నను, తాతల బిగువు వారికి పట్టుబడును.