కొసరు ఎవరిది?

పోస్టు కొంచెం పొడుగే, తీరిగ్గా చదవండి.

మేం నలుగురం ఖమ్మం హాస్టల్లో ఒకే రూము. బీకాం మూడో ఏడు. ముగ్గురం చర్ల వైపు కోయవాళ్లం, ఒకడు ఇల్లెందు దగ్గర తండా నుంచి వచ్చాడు. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ప్రాజెక్టు వర్క్‌కి మేడం చీటీలు తీయించారు. మా చీటీలో ‘విమాన సంస్థల లాయల్టీ ప్రోగ్రాములు’ అని వచ్చింది. క్లాసంతా నవ్వింది. వెనక నుంచి ఒకడు “వీళ్లు విమానాన్ని కింద నుంచే చూశారు మేడం” అన్నాడు. నిజమే, కాదనలేదు. చీటీ మార్చుకుంటారా అని మేడం అడిగితే వద్దన్నాం. రోషంతో అన్నాం గానీ రూముకొచ్చాక ఏం రాయాలో ఒక్కడికీ తోచలేదు.

మా హాస్టల్లోనే చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో మెషిన్లు అమ్మే కంపెనీలో చేసే అన్న ఒకాయన ఉన్నాడు. నెలకు ఆరేడు సార్లు విమానం ఎక్కుతాడు. ఆదివారం ఫోన్ చేస్తే గంటన్నర మాట్లాడాడు. స్పీకర్ పెట్టుకొని రాసుకున్నాం.

“ఢిల్లీకైనా పుణెకైనా ఒకే సంస్థలో పోతా. పక్కదాంట్లో ఐదొందలు తక్కువున్నా పోను. వెళ్లినప్పుడల్లా పాయింట్లు పడతాయి. ఏడాదిలో ఇన్ని దాటితే కార్డు స్థాయి పెరుగుద్ది. అప్పుడు లైన్లో ముందు పంపుతారు, లాంజ్‌లో కూర్చొని తినొచ్చు, విమానం క్యాన్సిలైతే మన ఫోను ముందు ఎత్తుతారు. పొద్దున పోయి రాత్రికొచ్చేటోడికి ఆ అరగంటే బంగారం రా.” లగేజీ ఎప్పుడూ లోపలికి వేయడంట. చేతి బ్యాగులో రెండు చొక్కాలు, అంతే.

“అంటే సంతలో కొసరు లాంటిదా అన్నా?” అన్నాడు మాలో ఒకడు. అన్న గట్టిగా నవ్వి “అదే రా, కొసరే” అన్నాడు. అక్కడి నుంచి మా ప్రాజెక్టు దారిలో పడింది.

సంతలో షావుకారు చారెడు ఉప్పు ఎక్కువేసేది మన మీద ప్రేమతో కాదు, వచ్చే వారం కూడా ఇప్పపువ్వు తన దగ్గరికే రావాలని. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న మొదలుపెట్టిన ‘ఆడ్వాంటేజ్’ కూడా అంతే. కొద్ది రోజులకే యునైటెడ్ వాళ్లూ పెట్టారు. మొదట్లో ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు. 2015లో డెల్టా, యునైటెడ్, మరుసటి ఏడాది అమెరికన్ లెక్క మార్చి, టికెట్టుకి ఎంత పెడితే దాన్నిబట్టి ఇవ్వడం మొదలుపెట్టాయి. అంటే దూరం పోయినోడికి కాదు, ఖరీదు పెట్టినోడికి కొసరు. పైగా ఈ పాయింట్లను బ్యాంకులు కొని తమ క్రెడిట్ కార్డు కస్టమర్లకు పంచుతాయి. కొసరే ఒక సరుకైపోయింది. 2020లో కరోనాకి విమానాలు నేలమీద ఉన్నప్పుడు యునైటెడ్ తన పాయింట్ల వ్యాపారాన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంది. దాని విలువ సుమారు 2,200 కోట్ల డాలర్లని కంపెనీయే లెక్కగట్టింది. అప్పటి షేర్ ధర ప్రకారం మొత్తం కంపెనీ కూడా అంత చేయదు! ఇది చదివి మేం రెండుసార్లు సున్నాలు లెక్కపెట్టుకున్నాం.

కానీ సంస్థ మునిగితే కొసరూ మునుగుతుంది. 2012 అక్టోబర్లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాక ఆ మైళ్లు పెట్టుకున్నవాళ్లకు మిగిలింది అంకెలే. మన అమ్మలు తునికాకు కార్డును చీరల మడతలో ఎందుకంత జాగ్రత్తగా దాస్తారో అప్పుడు గుర్తొచ్చింది. కట్టలు ఈ ఏడు, బోనస్ ఎప్పుడో. కార్డు పోతే ఎవరి చుట్టూ తిరగాలి?

అసలు గొడవ తర్వాత మొదలైంది. టికెట్టు డబ్బు కంపెనీది, పాయింట్లు అన్నవి. ఎట్లా? మా తండావాడు అడిగాడు: “వార్డెన్ సార్ డబ్బులిచ్చి కూరగాయలకు పంపితే కొట్టాయన వేసే కరివేపాకు హాస్టల్‌దా, మనదా?” మనదే అన్నాం. “మరి ఆ కరివేపాకు కోసం రేటెక్కువున్న కొట్టుకే పోతే?” ఎవరం నోరెత్తలేదు. జర్మనీలో 2002లో ఆఫీసు ప్రయాణాల మైళ్లు సొంతానికి వాడుకున్నందుకు గ్రెగర్ గీజీ అనే నాయకుడు బెర్లిన్‌లో మంత్రి పదవికే రాజీనామా చేశాడు. మన దేశంలోనూ ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీ మీద వచ్చిన పాయింట్లను డ్యూటీ ప్రయాణాలకే వాడాలని రూలుంది. ప్రైవేటులో ఏ కంపెనీ రూలు దానిది.

ఈలోగా తండావాడికే ఢిల్లీలో ఇంటర్వ్యూ పడింది. మధ్యలో రెండే రోజులు. రైల్లో వెయిటింగ్ లిస్టు, జనరల్‌లో పగలూ రాత్రీ నిలబడి పోయి ఇంటర్వ్యూలో ఏం మాట్లాడతాడు? అన్నకు తెలిసి “నా పాయింట్లు మార్చితో పోతాయి, పోతే పోనీ, వాడిని పంపిద్దాం” అన్నాడు. వీడేమో రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే అన్నకు ఫోన్ చేసి “మీ కంపెనీ ఒప్పుకుంటదా?” అని అడిగాడు. సాయం చేసేటోణ్ని అట్లా అడగొచ్చా అని మేం తిట్టాం. అన్న కాసేపు ఆగి, కంపెనీ రూల్స్ పేజీ ఫొటో తీసి పంపాడు. పాయింట్లు ఉద్యోగివే అని రాసుంది. కింద ఒక ముక్క: “ఆ ఐదొందల సంగతి మాత్రం నువ్వు అడిగింది కరెక్టే తమ్ముడూ.”

ఫ్రీ టికెట్టంటే పూర్తిగా ఫ్రీ కాదు, పన్నులు మన చేతి నుంచి కట్టాలి. ఫ్లోర్‌లో చందా వేసి కట్టాం. ఇంకో చిక్కు చూడండి: మేం పంపిన పేరు పదో తరగతి మెమోలోది, ఆధార్‌లో ఇంటిపేరు వేరే స్పెల్లింగు. టికెట్టు మీదా, చూపించే కార్డు మీదా పేరు ఒకటే ఉండాలి. అన్న మధ్యాహ్నమంతా ఫోన్ పట్టుకొని సరిచేయించాడు. గ్రూపులో చాలామందికి ఇదే తేడా ఉంటుంది, ఇంటర్వ్యూ కాల్ రాకముందే ఆధార్ సరిచేయించుకోండి.

వాడు పోయాడు. పాయింట్లు ఒక వైపుకే సరిపోయాయి, వచ్చేటప్పుడు రైలే. కిటికీ సీటు దొరికిందట, కానీ గోదావరి కనపడలేదని ఒకటే బాధ. తెల్లారకముందు విమానం ఎక్కితే ఎట్లా కనపడుద్ది?

వైవాలో మేడం “మీలో విమానం ఎక్కినవాళ్లున్నారా?” అని అడిగారు. ముగ్గురం వాడివైపు చూశాం. వెనక బెంచీ నుంచి ఈసారి నవ్వు రాలేదు. ఇంటర్వ్యూ రిజల్ట్ ఇంకా రాలేదు. వచ్చాక ఇక్కడే పెడతాం.