పండ్రెండుగురి గది

నాటకశాలలో ప్రేక్షకుని స్థానము మారదు. వెనుక వరుసలో కూర్చున్నవానికి నటుని కనుబొమ్మ కదలిక యెన్నటికిని కానరాదు. కెమెరా యీ నియమమును త్రోసివైచినది. అది ప్రేక్షకుని చేయి పట్టుకొని ఒకప్పుడు నటుని ముఖమున కెదురుగ నిలుపును. ఒకప్పుడు గుమ్మము దాటించి దూరముగ గొనిపోవును.

ఆనాటి టెలివిజను తెర చిన్నది. కోటలు, సేనలు అందు చీమల బారువలె కనబడును; మనుష్యుని ముఖము మాత్రము నిండుగ నమరును. అట్టి తెరకే రెజినాల్డ్ రోజ్ 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' అను నాటకము వ్రాసెను. అది 1954లో అమెరికాలో ప్రసారమైనది. టెలివిజను నాటకములలో చేయి తిరిగిన సిడ్నీ లూమెట్ దానినే 1957లో చలనచిత్రముగ తీసెను.

కథ స్వల్పము. తండ్రిని పొడిచి చంపినాడని ఒక కుర్రవానిపై నేరము మోపబడినది. అతడు దోషియా, కాదా యని తేల్చుటకు పండ్రెండుగురు పౌరులు ఒక గదిలో కూడిరి. అందరును ఏకాభిప్రాయమునకు రావలెను. దోషి యన్నచో మరణశిక్ష తప్పదు. మొదట పదునొకండుగురు దోషి యనిరి. ఒక్కడు మాత్రము కాదనెను.

ఆ కుర్రవాని ముఖమును కెమెరా ఆరంభమున ఒక్కమారు దగ్గరగ చూపును. అతడు పెదవి విప్పడు. ఆ బెదరు చూపుల మీదుగనే ఖాళీ గది మెల్లగ తెరపైకి వచ్చును. పిమ్మట అతడు మరల కానరాడు. అయినను, బంతియాటకు వేళ మించుచున్నదని ఒక సభ్యుడు తొందరపడునప్పుడెల్ల చూచువారికి ఆ ముఖమే జ్ఞప్తికి వచ్చును.

గంటన్నర కథ, దాదాపు అంతయు ఒకే గది. మరియొకడైనచో ఆ గది విశాలముగ కనబడునట్లు యత్నించి యుండును. లూమెట్ దానిని అంతకంతకు ఇరుకు చేసెను. గోడలను కదల్చి కాదు. ఛాయాగ్రాహకుడు బోరిస్ కాఫ్‌మన్ తోడ్పాటుతో, కథలో మొదటి మూడవ వంతున కెమెరాను కంటి యెత్తుకంటె పైన, నడిమి భాగమున కంటికి సరిగా, కడపటి భాగమున కంటికి దిగువన నుంచెను. అందుచే తుదకు గది పైకప్పు కూడ కనబడసాగినది. దానితోపాటు నాభ్యంతరము హెచ్చుగా నున్న కటకములను క్రమముగ వాడెను. అట్టి కటకము వెనుకనున్న వానిని ముందునకు లాగినట్లు చూపును. గోడలు మీదికి జరిగినట్లు తోచును. చూచువారికి కారణము తెలియదు. ఊపిరి సలుపకుండుట మాత్రము తెలియును.

ఆ యుక్కలోనే ఒక సభ్యుడు కండ్లద్దములు తీసి ముక్కు రుద్దుకొనును. ఎంత చిన్న చేష్ట! కెమెరా చెంతనే యున్నందున, ఎవరును నోరు తెరువక మునుపే ప్రేక్షకుడు దానిని చూచును. హత్యను కన్నులార కంటినని చెప్పిన స్త్రీ ముక్కుపై నట్టి గుర్తులే యుండెనని ఒక వృద్ధునికి తట్టును. పడకపై నున్న యామెకు ఆ రాత్రి అద్దములు లేవేమో! ఒక ప్రాణము ఆ గుర్తులపై నిలిచినది.

నిర్దోషి యని తేలిన పిదప సభ్యులు వెలుపలికి వత్తురు. వాన వెలిసినది. అప్పుడు లూమెట్ అంతవరకు వాడని విశాలకోణ కటకమును తీసి, కెమెరాను అన్నిటికంటె ఎత్తున నిలిపెను. ఇంతదాక మీదపడుచున్న మనుష్యులు చిన్నవారై, న్యాయస్థానపు మెట్లు దిగి, తలకొక దారిని పోవుదురు.