మాఘస్నానమునకు భావనపాడు

మా నందిగామునకు సముద్రము దూరము కాదు. టెక్కలికి పోయి, అచ్చటనుండి మఱియొక గంట ప్రయాణము చేసినచో కెరటముల మ్రోత వినవచ్చును. అయినను ఈ యూర కాపురము పెట్టిన పదునొకండు సంవత్సరములలో మేము సముద్రమును నాలుగు సారులకంటె నెక్కువ చూచి యెఱుగము. బడి సెలవు లున్నప్పుడు బంధువులు వత్తురు. బంధువులు లేనప్పుడు సెలవు లుండవు. బడిపంతులుగారి భార్యలకు ఈ సంగతి వివరింప నక్కఱలేదు.

ఈ మాఘపూర్ణిమకు మాత్రము భావనపాడు పోయితిమి. స్నానపుణ్య మొక్కటే కారణము కాదు. మా యాడుబిడ్డ కుమారునికి వినోదయాత్రల యోడలో, వంటశాలయందు కొలువు దొరకినది. సోంపేట, కవిటి ప్రాంతములనుండి యోడకొలువులకు పోవు యువకులు మన జిల్లాకు క్రొత్త కాదు. అయినను ఆ వార్త విన్ననాటినుండి మా వదినగారు కొడుకుతో మాటాడుట మానివేసిరి. "ఓడ మునుగునని నాకు భయము లేదు మరదలా! అంత పెద్ద యోడ మునిగిన లోకమంతయు పరుగెత్తును. వీడొక్కడు రాత్రివేళ జారిపడిన ఎవరు చూచెదరు?" అనునదియే ఆమె ప్రశ్న. దానికి మావారికిని మాకును సమాధానము తోచలేదు. సముద్రమును చూచినచో ఆమె మనస్సు కొంత కుదుటపడునేమో యని బయలుదేరదీసితిమి. ఇది తెలివిమాలిన యాలోచన యని మావారు మెల్లగా ననిరి.

తెల్లవారుజామున టెక్కలిలో బస్సు దిగి ఆటో నెక్కితిమి. ఉత్తరమున కొండల వెనుక మహేంద్రగిరి నీలముగా నుండెను. హనుమంతుడు లంకకు లంఘించినది ఈ కొండమీదనుండియే యని ఇచ్చటివారును, కాదు, ఆ మహేంద్రము దక్షిణమున నున్నదని పండితులును వాదింతురు. మా కా వాదముతో పని లేదు. ఆనాడు మాకు జ్ఞప్తికి వచ్చినది మైనాకుడు. సముద్రముపై బోవువానికి నిలువ నొక చోటు కావలెనని సముద్రుడే తలచి ఆ పర్వతమును పైకి లేపెనట. నడిసంద్రమున నున్నవానికి తొలుత కావలసినది బలము కాదు, ఆధారము. ఆదికవి ఈ సంగతి నెఱిగియే వ్రాసెనని తోచెను.

నౌపడ దాటునపుడు ఉప్పుమళ్ళు అద్దములవలె మెఱయుచుండెను. తేలినీలాపురమున చింతచెట్లపై గూడకొంగలును ఎఱ్ఱకాళ్ళకొంగలును పిల్లల నోళ్ళకు చేపల నందించుచుండెను. ప్రతి యేడును ఇచ్చటికి వచ్చి, పిల్లలు పెద్దవైన పిదప ఎగిరిపోవును. వదినగారు వానివంక చూచి ముఖము త్రిప్పుకొనిరి. మేము గ్రహింపనట్లే యుంటిమి.

భావనపాడు తీరమున జనము మెండుగా నుండిరి. ఒకరి చేయి నొకరు పట్టుకొని మోకాలిలోతున మునిగితిమి. కెరటము తిరిగి పోవునపుడు కాలిక్రింది యిసుక నెట్లు లాగుకొనునో, అనుభవించినవారికే తెలియును. స్నానమైన పిదప పడవల చెంత, వల బాగుచేసికొనుచున్న యొక ముసలి జాలరిని మా వదినగారు తామే పోయి, "పడవమీదనుండి మనిషి పడిన ఏమి చేయుదురు?" అని యడిగిరి. మేము ఉలికిపడితిమి.

ఆయన కొంతసేపు వలవైపే చూచి యిట్లనెను: "ఓడైనా తెప్పైనా ఒకటేనమ్మా. పడిపోనోడి మీంచి కన్ను తియ్యకూడదు. మా తమ్ముడు పడిపోనాడు. తాడు తెద్దామని నాను ఎనక్కి తిరిగినాను. రెండడుగులే. మళ్ళీ సూస్తే నీళ్ళే కనపడినాయి."

అంతకంటె నతడు చెప్పలేదు, మేము నడుగలేదు. వదినగారు ఆ యిసుకమీదనే కూలబడిరి.

అప్పుడు మా మేనల్లుడు నోరు విప్పెను. "అమ్మా! మాకు శిక్షణలో తొలుత చెప్పినదియు ఇదియే" అని, ఎదుట గాజుపెంకు నొకదానిని ముంజేత చూపుచు వివరింప నారంభించెను. ఓడలో పనిచేయువారందఱును సముద్రమున ప్రాణము నిలుపుకొను విద్యను నేర్వక కొలువున చేరరాదట. మనిషి పడుట చూచినవాడు గొంతెత్తి కేకవేయవలెను. ఏ ప్రక్కను పడెనో చెప్పవలెను. చేతికందిన తేలుచక్రమును వెంటనే విసరవలెను. అది లేకున్న తేలు వస్తువు ఏదైనను సరియే. ఆ పిదప చేయి చాచి, పడినవానివైపే వ్రేలు చూపుచు నిలువవలెను. ఇతరులు పరుగులు పెట్టుదురు గాక, అతడు మాత్రము కదలరాదు, కనుఱెప్ప వాల్పరాదు.

ఇంత పట్టు ఎందుకనగా, పెద్ద యోడ గంటకు 37 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో ఒక్క నిమిషములో 600 మీటర్లు దాటిపోవును. అంత దూరమునుండి నీటిపై మనుష్యుని తల ఉద్దానపు కొబ్బరికాయకంటె పెద్దగా కనబడదు. కెరటము లేచినచో అదియు లేదు. ఓడ బండివలె నిలువదు. తొలుత మనిషి పడిన ప్రక్కకే చుక్కాని త్రిప్పుదురు. అట్లు చేసినచో ఓడ తోక, దానితో మర రెక్కలు, అతనికి దూరముగా తొలగును. ఆ పిదప ఎదురుప్రక్కకు త్రిప్పి, వచ్చిన దారినే వెనుకకు తెత్తురు. దీనిని విలియమ్సన్ మలుపు అందురు. చిన్నపడవ దింపుట అటుపిమ్మట.

"పడినవాడు?" అని వదినగారడిగిరి. పదునైదు దినముల తరువాత కొడుకుతో నామె పలికిన తొలి మాట యది.

పడిన తొలి నిమిషమున ఊపిరి దానంతట నదియే ఎగబీల్చును. అప్పుడు కొట్టుకొన్న నీరు లోనికి పోవును. కావున వెల్లకిల పడుకొని, చెవులు నీట మునుగునంతగా తల వెనుకకు వాల్చి, ఊపిరి కుదుటపడువఱకు తేలవలెను. ఓడ వెంట ఈదరాదు. బట్టలు విప్పరాదు, అవి యొడలి వేడిని కాపాడును. నీరు గాలికంటె ఇరువదియైదు రెట్లు త్వరగా వేడిని లాగుకొనును. మన సముద్రము గోరువెచ్చనైనను రాత్రి గడచునప్పటికి వణకు పుట్టును. లైఫ్ జాకెట్టు ఉన్నచో మోకాళ్ళు రొమ్మునకు ముడుచుకొనవలెను. దాహమైనను ఉప్పునీరు త్రాగరాదు.

ఇట్లు బ్రదికినవారు లేకపోలేదు. 2018 ఆగస్టులో ఆడ్రియాటిక్ సముద్రమున నొక యింగ్లీషు స్త్రీ యాత్రల యోడనుండి పడి, పది గంటలు తేలి, క్రొయేషియా నావికులచే కాపాడబడెను. చలి తెలియకుండుటకు పాటలు పాడుకొనెనట! 2022 నవంబరులో మెక్సికో సింధుశాఖయందు పడిన యొక యువకుడు పదునైదు గంటలకు పైగా నీటనుండియు ప్రాణముతో దొరకెను. మన విశాఖపట్టణము చెంతనే 2019 ఆగస్టు 12వ తేదీన కోస్టల్ జాగ్వార్ అను నౌకకు నిప్పంటుకొనగా, అందలి 29 మందియు సముద్రమున దూకిరి. తీరరక్షక దళమువారి రాణి రాశ్మోని నౌక ఆ చేరువనే యుండి వచ్చి చేరుటచే 28 మందిని పైకి తీసిరి. ఒకరు కనబడలేదు.

అయినను సోదరీమణులకు అసత్యము చెప్పజాలము. 2009 మొదలు 2019 వఱకు యాత్రల యోడలనుండి పడుటలు 212 జరిగినవనియు, రక్షింపబడినవారు 48 మందియే యనియు లెక్కించిరి. మేము ఈ లెక్కను వదినగారి యెదుట చెప్పలేదు. ఆ యోడల యంచుకమ్ములు రొమ్మెత్తు ఉండును. ఊరక నడచువాడు జారిపడుట అరుదు. కమ్మిపై కూర్చుండుట, ఎక్కి చిత్రములు తీయించుకొనుట, మద్యపానము, ఇవియే పెక్కుమారులు కారణములు. ఈ మాటను మేనల్లునితో మావారు చాటుగా చెప్పిరి. కొంచెము గట్టిగానే చెప్పిరి.

ఓడ నెక్కని మనకు ఇందుతో పని యేమి యందురేమో! చెఱువు, కాలువ, మాఘస్నానము మనకు లేవా? 2020 ఆగస్టులో తమిళదేశమున కొట్టరై జలాశయమునొద్ద నలుగురు యువకులు మునుగుచుండగా ముగ్గురు స్త్రీలు తమ చీరలను విప్పి ముడివేసి విసరి యిద్దఱను గట్టునకు లాగిరి. సిగ్గునకు జంకి నిలిచినచో ఆ యిద్దఱును దక్కియుండరు. ఈత బాగుగా రానివారు దూకరాదు; చీర గాని, వెదురుగడ గాని, మూత బిగించిన ఖాళీ ప్లాస్టికు డబ్బా గాని అందింపవలెను. పైకి తీసినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, గిరగిర త్రిప్పుట, పొట్ట నొక్కుట మన పల్లెలలో నేటికిని చూచుచున్నాము. అందుచే కాలము వ్యర్థమగును. ఊపిరి లేనిచో నోటిలో నోరుంచి ఊదుట, పిదప రొమ్ము నడుమ నొక్కుట వెంటనే చేయవలెను. ఇంతలో నొకరు 112కు ఫోను చేయవలెను. సముద్రమున నైనచో తీరరక్షక దళమునకు 1554.

ప్రొద్దు వాలుచుండగా తిరిగి బయలుదేరితిమి. ముసలి జాలరి తన వలనుండి తలయెత్తి మా మేనల్లునివైపు చూచి, "బాబూ, కన్ను తియ్యీకు" అని మాత్రమనెను. నౌపడలో వదినగారు ఆటో నాపించి రెండు సంచులు ఉప్పు కొనిరి. అంత యెందుకని యడిగితిమి. బదులు చెప్పక, వెనుకకు తిరిగి కొడుకు నడిగిరి.

"ఏమిరా, మీ యోడలోనికి ఆవకాయ జాడీ రానిత్తురా?"

"జాడీ రానీయరమ్మా. సీసా అయిన అడిగి చూచెదను" అని వాడనెను.