మంద కుక్కకు కూడా హక్ ఉంటది

మా ఛోటే మామూకు న్యాల్‌కల్ పోయే తొవ్వలో ఉన్న ఊర్లో 40 గొర్రెలుండె. పోయినేడు ఎండకాలం ఒక్క రాత్రిలో అవి 34 అయినయి. రోడ్డు పక్కన చికెన్ దుకాణాల వేస్ట్ తిని బలిసిన కుక్కల గుంపు, కంప సందుల్లోంచి దొడ్లోకి జొచ్చింది. ఫజర్‌కు లేచి చూసేసరికి ఆరూ చచ్చి పడున్నయి. కొనప్రాణం ఉంటే జిబహ్ అన్నా చేసుకునేటోళ్ళు. ముర్దార్ అయినంక ఏముంటది, బొంద తవ్వి పూడ్చుడే. అందులో రెండు బక్రీద్‌కు అమ్ముదామని పెంచిన పొట్టేళ్ళు. మామూ బిడ్డ ఇంటర్ ఫీజు లెక్క వాటి మీదనే ఉండె.

వారం తర్వాత మామూ ఫోన్ చేసిండు. "మంద కాడికి ఒక కుక్కపిల్లను తెద్దామనుకుంటున్న. నానీని నువ్వే సమ్‌ఝాయించాలె" అన్నడు.

జహీరాబాద్ చుట్టుపక్కల గొర్రెలు, మేకలు పెంచే మనోళ్ళు చాలామంది ఉన్నరు. చెరుకు తోటల్లో నక్కలు, ఊరి బయట కుక్కల గుంపులు, అప్పుడప్పుడు తోడేలు. పక్కనున్న కురుమోళ్ళ మందకు కుక్క ఉంటది, మన మందకు ఉండదు. ఎందుకంటే కుక్క మాట వస్తే మనం "జాయజ్ హై క్యా?" అని అడుగుతం. "నై" అంటే అక్కడికి ఖతం. "హౌ" అంటే ఎక్కడో దొరికిన పిల్లను తెచ్చి గొలుసుతో కట్టేస్తం. ఈ రెండింటి మధ్యలో అడగాల్సిన సవాల్ ఒకటుంది. ఆ జానవర్‌కు మన మీద ఏం హక్ ఉంటది? పిల్లను ఎంచుకునేది కూడా ఆ సవాల్‌తోనే మొదలుపెట్టాలని నా ఖయాల్.

ముందు మస్‌లా చూద్దాం. సహీ బుఖారీ, సహీ ముస్లిం రెండింట్లోనూ ఉన్న హదీసుల సారాంశం ఏందంటే, ఊరికే షౌక్ కోసం కుక్కను ఉంచుకునేవాని నేకీల్లోంచి రోజూ కొంత తగ్గుతది. పశువుల కాపలాకు, శికార్‌కు, పొలానికి ఉంచుకునే కుక్క ఆ లెక్కలోకి రాదు. అంటే మంద కాపలా అన్నది మనం అల్లుకున్న బహానా కాదు, హదీసులోనే పేరు పెట్టి ఇచ్చిన ఇజాజత్. సూరా మాయిదా నాలుగో ఆయత్‌లో తాలీమ్ ఇచ్చిన శికారీ జంతువులు పట్టుకొచ్చింది హలాల్ అని ఉంది. ఆ ఆయత్‌లో నన్ను ప్రతిసారీ ఆపే సంగతి వేరే. వాటికి మనం నేర్పేది అల్లా మనకిచ్చిన ఇల్మ్‌లోంచే అని అక్కడ ఉంటది. కుక్కకు పని నేర్పుడు కూడా ఇల్మ్ పంచుడే అన్నమాట.

ఇగ పాకీ సంగతి. మన దక్కన్‌లో ఎక్కువమంది హనఫీలం. హనఫీ ఫిఖ్‌లో కుక్క ఒళ్ళే నజిస్ అనరు, దాని లాలాజలం నాపాక్ అంటరు. పొడిగా ఉన్న కుక్క తాకినంత మాత్రాన బట్టలు నాపాక్ కావు, మూతి తడి అంటితే కడుక్కోవాలె. హైదరాబాద్ బార్కస్‌లో ఉండే షాఫయీలకు ఈ మస్‌లా ఇంకా సఖ్త్. మాలికీలకు ఇంకా నరమ్. గిన్నెలో మూతి పెడితే ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగమని హదీస్ ఉంది. మూడుసార్లు లాజిమ్, ఏడుసార్లు బెహతర్ అని హనఫీ ఉలమా చెప్తరు. మా మౌలానా సాబ్‌ను అడిగితే ఆయన కూడా ఇదే చెప్పి, "నమాజ్ జాగా అలగ్, గిన్నె అలగ్ ఉంచుకోండి, కాపలాకు బేఫికర్‌గా పెట్టుకోండి" అన్నడు.

నానీ అంతా విన్నది, ఒప్పుకోలే. "ఘర్ మే కుత్తా నక్కో రే బాబా, ఫరిష్తే నై ఆతే" అన్నది. ఆమె డర్ కితాబులు తెల్వక వచ్చింది కాదు. ఎనభై దాటినంక ఆమెకు మిగిలిన దునియా ఒక చార్‌పాయి, ఒక ముసల్లా, వజూ చెంబు. ఆ మూడింటి పాకీ పోతే ఆమెకు ఏం మిగుల్తది? అందుకే నేను బహస్ పెంచలే.

నానీకి జుమా నాడు సూరా కహఫ్ చదివే ఆదత్ ఉంది. ఆ జుమా చదువు అయినంక మామూను పిలిచింది. "గార్ లోపల వాళ్ళు పండుకున్నరు. వాళ్ళ కుత్తా లోపలికి పోలే, దేహ్‌లీజ్ కాడనే కాళ్ళు చాపుకొని ఉండె. నీ కుత్తా కూడా దొడ్డి దాటి నా ఆంగన్‌లోకి రావొద్దు. మంజూరా?" అన్నది. మామూ మంజూర్ అన్నడు. ఆ షరతు మందకు ఎంత పనికొచ్చిందో మాకు తర్వాత తెలిసింది.

పిల్లను ఇచ్చింది పక్క చేను కురుమ పెద్దయ్య. ఆయనది నల్ల ఊలు దక్కనీ గొర్రెల మంద. భుజం మీది గొంగడి కూడా ఆ ఊలుదే. మన జబాన్ దఖనీ, ఆ గొర్రె కూడా దక్కనీయే. ఆ మందను కాసే కుక్కకు మాత్రం జాతి పేరు లేదు, అందరూ ఊరకుక్క అంటరు. మామూ మనసులో అంతకుముందు ముధోల్ కుక్క ఉండె. పెద్దయ్య నవ్విండు. "అది ఉరికి పట్టే కుక్క భాయి. కుందేలు కనబడితే మందను ఇడిసి పోతది. నీకు కావాల్సింది ఉరికేది కాదు, ఉండేది" అన్నడు.

ఈ ఫరఖ్ చాలామందికి తెల్వదు. వీడియోల్లో చూసే బోర్డర్ కోలీ గొర్రెలను తోలే కుక్క. వంగి, కండ్లతో గుచ్చి చూసి, మందను ఇటు అటు తిప్పుతది. అది సగం శికారీ బుద్ధే, కరిచే ముందర ఆపినట్టు. మన దగ్గర మందను తోలేది మనిషి, ఈలతో, కట్టెతో, గొంతుతో. కుక్క పని కాపలా. జమ్మూ కశ్మీర్‌లో గుజ్జర్ బక్కర్వాల్‌లు, మనలాంటి ముసల్మాన్లే, ఎండకాలం మందలతో పహాడ్ల మీదికి పోయేటప్పుడు బక్కర్వాల్ కుక్కలు వెంట ఉంటయి. తుర్కీలో సివాస్ వైపు గడరియాలకు కంగాల్ కుక్క ఉంటది, తోడేలు గొంతు పట్టకుండా దానికి ఇనుప ముండ్ల పట్టా కడ్తరు. ఆ తుర్కీ జాతి కాపలా కుక్కలనే నమీబియాలో 1994 నుంచి రైతులకు ఇస్తున్నరు. కుక్క ఉంటే చీతా మంద దగ్గరికి రాదు, చీతాను కాల్చి చంపే జరూరత్ రైతుకు పడదు. ఒక కుక్క వల్ల రెండు పక్కలా ప్రాణాలు మిగుల్తున్నయి.

ఆ పొద్దు పెద్దయ్య మమ్మల్ని నేరుగా పిల్లల దగ్గరికి తీసుకపోలే. ముందు తల్లిని చూడమన్నడు. మేం మంద వైపు నడిస్తే అది లేచింది, గొర్రెలకూ మాకూ నడుమ వచ్చి నిలబడ్డది. రెండుసార్లు మొరిగింది. మీదికి రాలే, వెనక్కీ పోలే. పెద్దయ్య గొంతు వినబడ్డంక పక్కకు జరిగి మళ్ళా మమ్మల్నే చూసుకుంట పండుకుంది. "పిల్ల ఇట్లనే అయితది. తల్లి బండ్ల ఎంబడి ఉరికేదైతే పిల్లలు కూడా అదే నేర్చుకుంటయి" అన్నడు.

పిల్లలు ఐదు. అప్పటికి యాభై రోజులవి. ఎనిమిది వారాలు నిండకుంట తల్లి నుంచి విడదీయొద్దన్నడు. తోడబుట్టినవాటితో కొట్లాడేటప్పుడే ఎంత గట్టిగ కరిస్తే ఎదుటిదానికి తక్లీఫ్ అయితదో పిల్లకు సమఝ్ అయితది. తొందరపడి తెచ్చిన పిల్లకు ఆ తాలీమ్ ఉండదు.

మమ్మల్ని పిలవకుండ, చప్పుడు చేయకుండ కూసోమన్నడు. అన్నిట్లో పెద్దది, తెల్ల ఛాతీది, ముందుగాల ఉరికొచ్చి మామూ చెప్పు పట్టి గుంజింది. మామూకు దిల్ ఖుష్. "ఇదే పహిల్వాన్" అన్నడు. ఒకటి కంప కిందికి దూరి బయటికే రాలే. ఇంకో రెండు వాటి ఆటలో అవి ఉన్నయి. ఐదోది, మట్టి రంగుది, మెల్లగా వచ్చి మా చేతులు వాసన చూసి, మళ్ళా పోయి గొర్రెపిల్లల పక్కన పండుకుంది.

పెద్దయ్య సత్తు గిన్నె ఒకటి బండ మీద పడేసిండు. అన్నీ అదిరినయి. కంప కిందిది ఇంకా లోపలికి పోయింది. మట్టి రంగుది ఎనక్కి ఉరికి, రెండు నిమిషాలకు వచ్చి గిన్నెను వాసన చూసింది. బెదరని పిల్ల ఉండదట. బెదిరినంక మళ్ళా వచ్చి చూసేదే పనికొస్తదట. తర్వాత ఒక్కోదాన్ని ఎల్లెలకల పండబెట్టి ఛాతీ మీద చెయ్యి పెట్టిండు. పహిల్వాన్ చివరిదాకా తన్నుకుంట చెయ్యి కరిచింది. మట్టి రంగుది కొంచెం తన్నుకొని నెమ్మదించింది. ఆఖరుకు రెండింటినీ గొర్రెల్లోకి ఇడిసిండు. పహిల్వాన్ వంగి, చూపు నిలిపి, ఒక పిల్ల ఎంబడి ఉరికింది. తోలే కుక్కకు అది హునర్, కాపలా కుక్కకు ఐబ్. మట్టి రంగుదాన్ని ఒక తల్లిగొర్రె కుమ్మింది. అది మూలగలే, మర్లబడలే, కింద పండి చూపు పక్కకు తిప్పుకుంది.

ఇగ ఒంటి సంగతి చూసినం. కండ్లకు పుసి లేదు, చెవుల్లో వాసన లేదు, చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నయి, కాళ్ళు సీదా ఉన్నయి. పొట్ట కుండలెక్క ఉబ్బి ఉంటే నట్టలు ఉన్నట్టు అనుమానపడాలె. దీనిది అట్ల లేదు.

"మాదీన్ కదా" అన్నడు మామూ. ఆడపిల్లను ఎవ్వరూ కొండవోరు. ఈతకు ఐదారు పిల్లలు ఎవరు సాదాలని. అందుకే ఆడ కుక్కపిల్లలు సంచుల్లో కట్టి రోడ్ల మీద, చెరువు గట్ల మీద తేల్తయి. వాటిల్లో బతికినవే గుంపులు కట్టి మామూ దొడ్డి లాంటి దొడ్లల్లకు వస్తయి. పెద్దయ్య ఒక్కటే మాట అన్నడు. "మందను ఇడిసి తిరగనిది ఆడదే భాయి. పశువుల దవాఖానల ఆపరేషన్ చేయించు."

పైసలు తీసుకోలే. షరతు పెట్టిండు. "సాదలేనంటే నాకే మర్లియ్యి. రోడ్డు మీద ఇడువొద్దు."

ఆ రాత్రి నుంచే మోతీ, పిల్లలు పెట్టిన పేరు అది, గొర్రెపిల్లలతోటే పండుకుంది. మొదటి మూడు నాలుగు నెలల్లో పిల్ల ఎవరితో పెరుగుతదో వాళ్ళనే తన కుటుంబం అనుకుంటది. ఇంట్ల పిల్లలతో పెరిగితే ఇంటిని కాస్తది, మందలో పెరిగితే మందను కాస్తది. నానీ ఆంగన్ షరతు మాకు ఫాయిదా అయింది ఇక్కడే. పిల్లలు ఎంత ఏడ్చినా ఎత్తుకపోవడానికి వీల్లేకపోయింది.

జొన్నరొట్టె చల్లలో నానబెట్టి, గుడ్డు కలిపి, గొర్రెల పక్కనే పెడ్తరు. గిన్నె అలగ్, దాన్ని కడిగే జాగా అలగ్. వేరే రోగాల టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల నడుమ మొదలుపెట్టాలె. మూడు నెలలకు రేబీస్ సూది, దాని బూస్టర్, తర్వాత యేడాదికోసారి. కుక్క ఎవరిని కరిచినా సబ్బు పెట్టి 15 నిమిషాలు ధారగా కడిగి వెంటనే దవాఖానకు పోవాలె.

బక్రీద్ గురించి ఒక మాట ఖాస్‌గా చెప్పాలె. కుర్బానీ జానవర్ కార్జం, ఊపిరితిత్తుల్లో ఒక్కోసారి నీళ్ళ బుగ్గలు కనబడ్తయి. మనం వాటిని కోసి కుక్కలకు ఇసిరేస్తం, సవాబ్ అనుకుంట. ఆ బుగ్గల్లో ఉండేది టేప్ పురుగు పిల్లలు. కుక్క కడుపులో అవి పెద్దగై గుడ్లు పెడ్తయి, ఆ గుడ్లు పెంట నుంచి గడ్డికి, గడ్డి నుంచి గొర్రెకు, మన చేతుల నుంచి మన కడుపులోకి వస్తయి. మనిషి కార్జంలో కూడా అవే బుగ్గలు లేస్తయి, ఆపరేషన్ దాకా పోతది. ఆ భాగాలను లోతుగా పూడ్చాలె. కుక్కకు వేసే మాంసం ఉడికించే వేయాలె, నట్టల మందు డాక్టర్ చెప్పిన లెక్కకు ఇయ్యాలె.

ఆరో నెలలో అసలు ఇమ్తెహాన్ వచ్చింది. మోతీ ఆటకు గొర్రెపిల్లలను తరమడం మొదలుపెట్టింది. ఒకదాని చెవి చీరింది. చబూత్రా మీద కూసునేటోళ్ళు ఫైస్లా చెప్పిన్రు, "హైవే మీద ఇడిసి రా." కొత్తగా నష్టపోయిన మనిషికి ఆ మాట వినబుద్ధి అయితది. మామూ పెద్దయ్య దగ్గరికి పోయిండు. ఆ వయసు కుక్కలన్నీ అట్లనే చేస్తయని ఆయన చెప్పిండు. మెడకు గుదికొయ్య కట్టించిండు, ఉరికితే కాళ్ళకు తగిలేటట్టు. చిన్నపిల్లల్లోంచి తీసి ముసలి గొర్రెలు, పొట్టేలు ఉన్న దిక్కు పెట్టించిండు. అవి కుమ్మి కుమ్మి అదబ్ నేర్పినయి. రెండు నెలలకు గుదికొయ్య తీసేసిన్రు.

మోతీకి ఇప్పుడు పదకొండు నెలలు. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి కంప చుట్టూ తిరుగుతది. మంద 34 నుంచి ఈతలతో 41 అయింది. రెండేండ్లు నిండేదాకా ఒంటరిగ నమ్మొద్దని పెద్దయ్య హుకుం. మామూ ఇప్పటికీ దొడ్డి పక్కనే మంచం వేసుకుంటడు.

మీలో ఎవరికన్నా మంద ఉండి ఈ ఇరాదా ఉంటే, పిల్లను చూడబోయే ముందు ఇంట్ల అందరూ కూసొని మష్వరా చేయండి. అది ఎక్కడ పండుకుంటది, దాని గిన్నె ఎవరు కడుగుతరు, సూదుల పైసలు ఎవరియి, మొదటి యేడాది అది పాడు చేసే దాన్ని ఎవరు సబర్ చేస్తరు, ముసలిదైనంక దానికి రొట్టె ఎవరు వేస్తరు. నానీ ఇంతవరకు మోతీని తాకలే, తాకదు కూడా. అయినా ఇషా తర్వాత ఆంగన్‌లోంచి ఒక కేక వేస్తది, "ఉస్‌కూ రోటీ డాలే క్యా?" అని. జవాబు వచ్చేదాకా పండుకోదు.