రోడ్డు కన్నా పెద్ద కారు

శుక్రవారం సెలవు. మస్కట్‌లో వాదీ కబీర్ వెళ్లి, కోనసీమ మెకానిక్ కుర్రాడి షెడ్డులో టీ తాగడం నాకు అలవాటు. ఈ మధ్య అక్కడ 1965 నాటి ఎం.జి.బి. కారొకటి ఎముకలగూడులా నిలబడి ఉంది. బ్రిటిష్ వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ బండి.

"ఆయ్, అర్బాబుకి నట్టు కూడా ఆ కాలందే కావాలంటండీ" అన్నాడు కుర్రాడు. అర్బాబంటే ఇక్కడ యజమాని.

నట్టుతో పోతుందా! దీని మరచుట్లు అంగుళాల లెక్క. షెడ్డులో ఉన్న పానాలేమో జపాన్ బళ్లకు అలవాటుపడ్డ మిల్లీమీటర్లవి. 1967 దాకా ఈ కార్లలో బ్యాటరీ ప్లస్ కొసనే బాడీకి కలిపేవారు. అలవాటు చొప్పున మైనస్ తగిలిస్తే తంటాయే. రెండు ఎస్.యూ. కార్బరేటర్లకు నెత్తిమీద మూత విప్పి కాస్త నూనె పోయాలి, అచ్చం మా అమ్మమ్మ మాడుకు చమురు పెట్టినట్టు.

టీ తాగుతూ నేనో లెక్క వేశాను. 1970లో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమన్ మొత్తం మీద తారురోడ్డు పది కిలోమీటర్లో ఏమో. పాత మస్కట్ కోట తలుపులు రాత్రిపూట మూసేసేవారు. ఆపైన వీధిలో నడవాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందే. అంటే ఈ కారు తను తిరిగే రోడ్డు కన్నా వయసులో పెద్దది. అంతా ఆ కాలందే కావాలంటే తారు పెరికేసి, ముందొకడు లాంతరు పట్టుకు నడవాలి!

కుర్రాడు పడీపడీ నవ్వాడు.

ఇక్కడ ఈ పట్టుదల కార్లతో మొదలవలేదు. 1980లో టిమ్ సెవెరిన్ అనే సాహసయాత్రికుడు సూర్ పట్టణంలో ‘సోహార్’ అనే ఓడ కట్టించాడు. పాతకాలం పద్ధతిలో ఇనుప మేకు లేకుండా, పలకలన్నీ కొబ్బరితాళ్లతో కుట్టించాడు. ఆ నవంబరులో మస్కట్‌లో తెరచాప ఎత్తి, మరుసటేడు చైనాలో కాంటన్ చేరాడు. ఆ ఓడ ఇప్పుడు అల్ బుస్తాన్ కూడలిలో ఉంది.

"కొబ్బరితాళ్లా! అయితే దాని స్పేరుపార్టులు మా దొడ్లోనే ఉన్నాయన్నమాటండీ" అన్నాడు కుర్రాడు, అర్బాబు అడిగిన నట్టును వెలుతురులో తిప్పి చూస్తూ.

ఆ తాళ్లు సరైనవేనని తేల్చింది ఏ పండితుడూ కాదు, సముద్రం. ఎండలు తగ్గాక కారును కొండదారిలో ఖురియాత్ ఊరిదాకా తోలి చూస్తానంటున్నాడు కుర్రాడు. నట్టు సంగతి ఆ దారే చెబుతుంది.