చదివి చెప్పని వాక్యం

మా అక్కకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలేసరికి రెండేళ్లు గడిచాయి. తిన్నాక కుడి డొక్కలో నొప్పి వచ్చి భుజం దాకా పాకేది. గ్యాసనుకుని బిళ్లలు మింగింది. తునికాకు పని అయ్యాక వెళ్దాం, నాట్లయ్యాక వెళ్దాం అంటూ నెట్టుకొచ్చింది. నేనూ గట్టిగా చెప్పలేదు.

ఆపరేషన్‌కు ముందురోజు నర్సు కాగితం ఇచ్చింది. "నాలుగు చిన్న రంధ్రాలే అక్కా, రెండ్రోజుల్లో ఇంటికి పోతాం" అని కోయలో చెప్పి వేలిముద్ర వేయించాను. అవసరమైతే పొట్ట కోసి చేయడానికి ఒప్పుకుంటున్నానని అదే కాగితంలో ఉంది. చదివాను, కానీ ఆమెకు చెప్పలేదు. భయపడుతుందనుకున్నాను.

మెలకువ వచ్చాక పక్కటెముకల కింద జానెడు కట్టు తడుముకుని, "నాకు అబద్ధం చెప్పావు తమ్ముడా" అంది. ఊళ్లోనేమో డాక్టరు చెయ్యి తప్పిందన్నారు.

డాక్టరును అడిగాను. పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపి, ఒక రంధ్రంలోంచి కెమెరా, మిగతా వాటిలోంచి పనిముట్లు పంపుతారు. పిత్తాశయం నుంచి వచ్చే సన్నని నాళాన్ని, దానికి వెళ్లే రక్తనాళాన్ని గుర్తుపట్టి, క్లిప్పులు వేసి కత్తిరించాలి. ఆ పక్కనే కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తీసుకెళ్లే పెద్ద నాళం ఉంటుంది. పొరపాటున అది తెగితే ప్రాణం మీదికొస్తుంది. మాటిమాటికీ వాచిన పిత్తాశయానికి చుట్టూ ఉన్న కొవ్వు, పేగు అతుక్కుపోతాయి. తెరమీద ఏది ఏదో తెలియదు. రక్తం ఆగకపోయినా, పాత ఆపరేషన్ల అతుకులున్నా ఇదే ఇబ్బంది. అప్పుడు పొట్ట కోసి, కళ్లారా చూస్తూ చేయడమే క్షేమం. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవసరం పెరుగుతుంది.

ఇదంతా అక్కకు కోయలో చెప్పాను. "తీగలు అల్లుకున్న చోట చూడకుండా కత్తి వేస్తామా?" అంది. అంత తేలిగ్గా అర్థమయ్యే మాటను నేను ముందురోజు దాచాను. కోత మానేవరకు ఆమె కట్టెలు మోయలేదు. కూలీ పోయింది. ముందే తెలిస్తే ఇంట్లో ఏదో ఒక ఏర్పాటు చేసుకునేది.

చదువుకున్నవాళ్లమని ఆస్పత్రికి మనల్నే తోడు తీసుకెళ్తారు. కాగితంలో ఉన్నదంతా మన భాషలో చెప్పాకే వేలిముద్ర వేయించండి. ఇంకొక మాట. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు చిన్న వయసులోనే ఈ రాళ్లు రావచ్చు. తరగతిలో ఎవరైనా కుడి డొక్క పట్టుకుని కూర్చుంటే, గ్యాసని వదిలేయకుండా స్కానింగ్‌కు పంపండి.